క్లచ్ ఎంత గట్టిగా, ఫ్లైవీల్ ఎంత తేలిగ్గా?

ఖాళీ రోడ్డు మీద పై గేర్ వేసి, ఇంజిన్‌ను రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా అడుగంటా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు, స్పీడ్ ముల్లు జంటగా కదిలితే మీ క్లచ్ ఇంకా పట్టు మీదే ఉంది. స్పీడ్ ఉన్నచోటే ఉండి, ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే పైకి ఎగిరితే క్లచ్ జారుతోంది. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తి పెంచడం) చేయించినవాళ్లకు, టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) పెంచినవాళ్లకు ఇది ముందుగా పై గేర్‌లోనే బయటపడుతుంది. కింది గేర్లలో బండి చటుక్కున వేగం అందుకుంటుంది కాబట్టి క్లచ్ మీద బరువు ఎక్కువసేపు నిలవదు.

అప్పుడే రెండు ప్రశ్నలు మొదలవుతాయి. ఏ క్లచ్ వేయించాలి? ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నాం కదా, తేలిక ఫ్లైవీల్ కూడా వేసేద్దామా? ఫ్లైవీల్ అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ చివర బిగించిన బరువైన చక్రం, క్లచ్ పట్టుకునేది దాన్నే. అమ్మేవాళ్లు రెండూ కలిపి ఒకే కిట్‌గా చూపిస్తారు కాబట్టి కొనేవాళ్లు కూడా ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి ఇవి రెండు వేరు నిర్ణయాలు. క్లచ్‌ను ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) చూసి ఎంచుకోవాలి. ఫ్లైవీల్‌ను మీరు రోజూ ఎక్కడ, ఎలా నడుపుతారో చూసి ఎంచుకోవాలి. మొదటిదానికి కాగితం, కలం చాలు. రెండోదానికి మన గురించి మనం కొంచెం నిజాయతీగా ఒప్పుకోవాలి, అదే కష్టం.

అసలు క్లచ్ జారుతోందంటే దానికి బలం చాలలేదనే అర్థం కాదు. ఈ తప్పు నేనే చేశాను. పాత బండిలో క్లచ్ జారుతోందని ఆరు ముక్కల సెరామిక్ ప్లేట్ తెప్పించుకున్నాను. తీరా గేర్‌బాక్స్ దించి చూస్తే బెల్‌హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గుల్ల) అడుగున నల్లటి జిడ్డు పేరుకుని ఉంది. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారి, ఆ నూనె ఫ్లైవీల్ మీదుగా ప్లేట్ దాకా పాకింది. పాత ప్లేట్‌ను వెర్నియర్‌తో కొలిస్తే మందం సగానికి పైగా మిగిలే ఉంది. సీల్ మార్చి, కంపెనీ ప్లేటే కొత్తది వేసుంటే సరిపోయేది. డబ్బు పెట్టి కొన్నాను కదా అని సెరామిక్‌దే బిగించి, రెండేళ్లపాటు ట్రాఫిక్‌లో కప్పగంతులు వేశాను. అందుకే కిట్ ఆర్డర్ పెట్టేముందు సీల్ కారుతోందా, పెడల్‌కు ఉండాల్సిన ఫ్రీప్లే (క్లచ్ కదలకముందు పెడల్‌కు ఉండే కాస్త వదులు) ఉందా, మాస్టర్ సిలిండర్ పెడల్ వదిలాక పూర్తిగా వెనక్కి వస్తోందా చూడండి. డ్రైవర్ ఎడమ కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి ఉంచుతాడేమో కూడా చూడండి. ఆ అలవాటు ఉంటే ఎంత గట్టి క్లచ్ వేసినా దండగే.

బలమే చాలడం లేదని తేలితే అసలు లెక్కలోకి రావచ్చు. క్లచ్ ఎంత టార్క్ మోస్తుందో నిర్ణయించేవి నాలుగు: ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమిపెట్టే భాగం) నొక్కే బలం, క్లచ్ ప్లేట్ మీద అతికించిన పదార్థానికి ఉన్న రాపిడి గుణం, ఆ రాపిడి జరిగే సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. ఒకదాన్ని ఇంకోదానితో గుణించుకుంటూ పోతే కెపాసిటీ వస్తుంది. మార్కెట్‌లో ఉన్న ఏ అప్‌గ్రేడ్ క్లచ్ అయినా ఈ నాలుగింటిలో ఒకటో రెండో పెంచుతుంది, పెంచినదాన్ని బట్టి మన దగ్గర ఒక్కో రకంగా మూల్యం వసూలు చేస్తుంది. వ్యాసార్థం ఎలాగూ బెల్‌హౌసింగ్‌లో ఉన్న చోటుకు లోబడాల్సిందే. మిగిలినవి మూడు.

ఇందులో విస్తీర్ణం లేదని గమనించారా? చిన్న చిన్న ముక్కలు అతికించిన ప్లేట్‌ను చూసి, ఇంత తక్కువ పదార్థంతో పట్టు ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. నొక్కే బలం అంతే ఉన్నప్పుడు విస్తీర్ణం తగ్గినా పట్టు తగ్గదు. ఆ బలమంతా తక్కువ చోట పడుతుంది కాబట్టి అక్కడ వేడి, అరుగుదల పెరుగుతాయి, అంతే. ముక్కల ప్లేట్‌కు ఒక లాభం కూడా ఉంది. ప్లేట్ తేలికవుతుంది కాబట్టి గేర్ మార్చేటప్పుడు సింక్రోలకు (గేర్ల వేగాలు కలిపే రింగులకు) శ్రమ తగ్గుతుంది.

ప్రెజర్ ప్లేట్ ఒక్కటే గట్టిది వేసి, ప్లేట్ మామూలు ఆర్గానిక్‌దే (కంపెనీ బండ్లలో వచ్చే మెత్తటి నార పదార్థం) ఉంచడం అన్నిటికంటే మర్యాదైన అప్‌గ్రేడ్. బండి కదిలే తీరు దాదాపు పాతలాగే ఉంటుంది. పెడల్ మాత్రం బరువెక్కుతుంది. ఆ బరువు మీ మోకాలితో ఆగిపోదు. రిలీజ్ బేరింగ్, ఫోర్క్, కేబుల్ లేదా హైడ్రాలిక్ సీళ్లు, చివరికి క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ కూడా దాన్ని మోయాలి. పెడల్ తొక్కి పట్టుకుని స్టార్ట్ చేసినప్పుడు, ఆయిల్ ప్రెజర్ ఇంకా రాకముందే ఆ బేరింగ్ మీద పూర్తి బలం పడుతుంది. కొన్ని ఇంజిన్లలో ఆ బేరింగే బలహీనం. అందుకే నొక్కే బలం విపరీతంగా పెంచిన కిట్ చూస్తే నాకు కొంచెం భయం.

రాపిడి పదార్థం మారిస్తే పెడల్ బరువు పెరగదు కానీ బండి మర్యాద మారిపోతుంది. ఆర్గానిక్ మెత్తగా పట్టుకుంటుంది, హాఫ్ క్లచ్‌లో ఓపిగ్గా ఉంటుంది, కాకపోతే వేడెక్కితే పట్టు వదిలేస్తుంది. మాడు వాసన వచ్చాక చల్లారనిస్తే చాలావరకు కోలుకుంటుంది. కెవ్లార్ కూడా మెత్తనిదే, బాగా మన్నుతుంది కూడా. కానీ సెట్ అవడానికి చాలా కిలోమీటర్లు కావాలి. ఒక్కసారి అతిగా కాల్చితే పైన గాజు పొర కట్టినట్టయి మళ్లీ పాత పట్టు రాదు. తొందరపాటు మనుషులకు కెవ్లార్ పనికిరాదని నా అభిప్రాయం. సెరామిక్, సింటర్డ్ లోహపు ముక్కలు ఆర్గానిక్ తట్టుకోలేని వేడిలో కూడా పట్టు వదలవు. వాటికి హాఫ్ క్లచ్ అనే మాట తెలియదు. పట్టుకుంటే పట్టుకున్నట్టే, వదిలితే వదిలినట్టే. ఎత్తు మీద ముందు బండి ఆగి, వెనక బండి బంపర్‌కు ఆనుకున్నంత దగ్గరగా నిలబడ్డప్పుడు దీని సంగతి తెలుస్తుంది. కాలు అర అంగుళం వదిలితే ఏమీ జరగదు. ఇంకో వెంట్రుకవాసి వదిలితే బండంతా వణికి, ముక్కు పైకి లేచి, ముందుకు దూకుతుంది. లేదా ఇంజిన్ ఆగిపోతుంది. ముక్కలు ఆరు ఉంటే కాస్త నయం, నాలుగైతే మొరటు, మూడైతే ట్రాక్ మీదకే.

ప్లేట్ మధ్యలో స్ప్రింగులు ఉన్నాయో లేదో కూడా తప్పకుండా చూడాలి. ఉన్నదాన్ని స్ప్రంగ్ హబ్ అంటారు. ఇంజిన్ కొట్టే దెబ్బలను అది గేర్‌బాక్స్ దాకా పోనివ్వకుండా కొంత మింగుతుంది. స్ప్రింగులు లేని సాలిడ్ హబ్ రోడ్డు మీద తిరిగే బండికి వద్దు. పదార్థం ఏదైనా, నా సలహాలో దీనికి మినహాయింపు లేదు.

ముఖాల సంఖ్య పెంచేది ట్విన్ ప్లేట్. రెండు ప్లేట్లు, మధ్యలో ఒక లోహపు పళ్లెం, మొత్తం నాలుగు ముఖాలు. నొక్కే బలం పెంచకుండానే కెపాసిటీ రెట్టింపు అవుతుంది. కాబట్టి పెడల్ తేలిగ్గానే ఉంటుంది, పదార్థం కూడా మరీ మొరటుది అవసరం పడదు. నిజంగా భారీ టార్క్ చేసే ఇంజిన్‌కు మొరటు సింగిల్ ప్లేట్ కంటే ఆర్గానిక్ ట్విన్ ప్లేట్ ఎంతో సుఖం. దీనికి ఖరీదు ఎక్కువ, బిగించేటప్పుడు కొలతల విషయంలో పట్టింపు ఎక్కువ, న్యూట్రల్‌లో పెడల్ తొక్కితే గలగలమని చప్పుడు ఎక్కువ. ఆ చప్పుడు విని చూపించుకోమని చెప్పేవాళ్లు దారిలో చాలామంది తగులుతారు.

ఇక లెక్క. ఇంజిన్ మొదట 220 న్యూటన్ మీటర్లు ఇచ్చేదనుకోండి, రీమ్యాప్ తర్వాత 290 అయింది. దానికి అయిదో వంతు కలిపితే సుమారు 350. అంత కెపాసిటీ ఉన్న క్లచ్ చాలు. రేపు ఇంకా పెంచుతానేమో అని 600 మోసేది వేయించుకునేవాళ్లు ఉంటారు. రేపు సంగతి అలా ఉంచండి, ఇవాళ దాంతో నష్టమే. క్లచ్ కొంచెం జారడం మిగతా భాగాలకు ఒక రక్షణ. అది అస్సలు జారకపోతే ఆ దెబ్బ గేర్ పళ్లకు, డ్రైవ్ షాఫ్టులకు తగులుతుంది, వాటి రిపేర్ క్లచ్ కంటే బరువు. ఇంకో సంగతి, పెట్టె మీద రాసిన స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 లాంటి మాటలకు ఉమ్మడి అర్థం ఏమీ లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2 ఇంకో కంపెనీ స్టేజ్ 1 కావచ్చు. ఎన్ని న్యూటన్ మీటర్లు, ఆ అంకె క్రాంక్ దగ్గరిదా చక్రాల దగ్గరిదా, హబ్‌లో స్ప్రింగులు ఉన్నాయా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అక్కడ కొనకండి.

ఇప్పుడు ఫ్లైవీల్. తేలిక ఫ్లైవీల్ వేస్తే పవర్ పెరుగుతుందని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. పెరగదు. ఇంజిన్ చేసే పవర్ అంతే ఉంటుంది, ఫ్లైవీల్‌ను తిప్పడానికి పోయేది తగ్గుతుంది. ఆర్‌పీఎం నిలకడగా ఉంటే తేడా సున్నా. తేడా అంతా ఆర్‌పీఎం మారుతున్నప్పుడే, అదీ కింది గేర్లలోనే.

ఎంత తేడా? ఒక ఊహా లెక్క వేద్దాం. పాత ఫ్లైవీల్ 8 కిలోలు, దాని జడత్వ భ్రామకం (తిరిగే వేగం మార్చబోతే అడ్డుపడే గుణం) 0.10 కిలో-చదరపు మీటర్లు. కొత్తది 4.5 కిలోలు, భ్రామకం 0.05. మొదటి గేర్ నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ 4, టైరు వ్యాసార్థం 30 సెంటీమీటర్లు. తగ్గిన భ్రామకాన్ని మొత్తం గేర్ నిష్పత్తి వర్గంతో గుణించి, టైరు వ్యాసార్థం వర్గంతో భాగిస్తే, బండిలోంచి ఎంత బరువు దించినట్టో వస్తుంది. మొదటి గేర్‌లో దాదాపు 109 కిలోలు. అంటే ఇద్దరు మనుషులు దిగిపోయినట్టు. రెండో గేర్ నిష్పత్తి 2 అయితే 36 కిలోలు. మూడోది 1.3 అయితే 15. అయిదో గేర్ 0.8 దగ్గరికి వచ్చేసరికి 6 కిలోలు కూడా లేదు, డిక్కీలో స్టెప్నీ తీసినంత తేడా కూడా రాదు. హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లు ఈ చివరి అంకె చూసి ఊరుకోవచ్చు.

కొనేటప్పుడు కిలోలు మాత్రమే చూసి మోసపోకూడదు. భ్రామకంలో వ్యాసార్థం వర్గంగా వస్తుంది కాబట్టి బరువు అంచున తీశారా, మధ్యలో తీశారా అనేదే ముఖ్యం. మధ్యలో కన్నాలు పొడిచి రెండు కిలోలు తగ్గించినదాని కంటే, అంచున ఒక కిలో తీసినది ఎక్కువ పనిచేయవచ్చు.

తగ్గించినదానికి మూల్యం కింది ఆర్‌పీఎం దగ్గర కట్టాలి. మన లెక్కలోని పాత ఫ్లైవీల్ 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో సుమారు 350 జౌళ్ల శక్తి దాచుకుంటుంది, తేలికది 175. క్రాంక్, ప్రెజర్ ప్లేట్ కూడా కొంత దాచుకుంటాయి కాబట్టి మొత్తం మీద సగానికి పడిపోదు, కానీ కాలికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదిలి బండిని నెమ్మదిగా పాకించే అలవాటు ఉంటే, మొదటి వారం ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఆగుతుంది. ఏసీ కంప్రెసర్ పట్టుకున్నప్పుడు ఐడిల్ ఒక్క క్షణం కుంగుతుంది. దీన్ని తప్పించుకోవడానికి ఎక్కువ ఆర్‌పీఎంతో కదిలిస్తాం, అందుకు క్లచ్ ఎక్కువసేపు జారాలి, వేడెక్కాలి. ఆ వేడిని తీసుకోవడానికి అక్కడున్న ఇనుమేమో సగమే. అందుకే బరువు లాగే బండికి, నిత్యం కొండ దారుల్లో నిండుగా ఎక్కే బండికి తేలిక ఫ్లైవీల్ నేనైతే వద్దంటాను.

కానీ వంకర దారుల్లో ఉషారుగా నడిపేవాళ్లకు, ట్రాక్ మీదకు వెళ్లేవాళ్లకు దీని రుచే వేరు. గేర్ దించేటప్పుడు చిన్నగా యాక్సిలరేటర్ తట్టితే ఆర్‌పీఎం టక్కున లేచి సరిగ్గా అందుతుంది. ఇంజిన్ మాట వింటున్నట్టు ఉంటుంది. పైకి మార్చేటప్పుడు మాత్రం ఆర్‌పీఎం అంతే వేగంగా పడిపోతుంది. నింపాదిగా గేర్ మార్చేవాళ్లకు కొత్త గేర్ పడేసరికి అది కావాల్సినదానికంటే కిందికి జారిపోయి బండి కుదుపు ఇస్తుంది. చెయ్యి వేగం పెంచుకోవాలి. డ్రాగ్ రేసుకు వెళ్లేవాళ్ల అవసరం మళ్లీ వేరు. నిలబడ్డచోటు నుంచి బండిని తోయడానికి బరువైన ఫ్లైవీల్‌లో దాచిన శక్తి పనికొస్తుంది కాబట్టి వాళ్లలో చాలామంది బరువునే కోరుకుంటారు.

స్టీలా, అల్యూమినియమా? రోడ్డు బండికి నా ఓటు స్టీల్‌కే. అల్యూమినియం బాగా తేలిక, వేడిని త్వరగా పాకనిస్తుంది, కిలోకు స్టీల్ కంటే దాదాపు రెట్టింపు వేడి పట్టుకోగలదు. కానీ అది మెత్తన కాబట్టి రాసుకునే చోట స్టీల్ పళ్లెం విడిగా బిగించాలి. వేడికి అల్యూమినియం స్టీల్ కంటే దాదాపు రెండింతలు సాగుతుంది, కాబట్టి ఆ బిగింపు నాణ్యంగా ఉండాలి. ఒక మెట్టు తగ్గిన స్టీల్ ఫ్లైవీల్ ఐడిల్‌లో అంత చిరాకు పెట్టదు, తేలికదనంలో సగం రుచి ఎలాగూ ఇస్తుంది.

ఉన్న ఫ్లైవీల్‌నే లేత్ మీద ఎక్కించి బరువు తీయించుకోవచ్చా అని అడుగుతారు. పోత ఇనుముతో చేసినదైతే ఆ పని చేయకండి. తిరిగే చక్రంలో లాగుడు ఒత్తిడి ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది, పోత ఇనుము లాగుడుకు బలహీనం. అది పగిలితే ముక్కలు బెల్‌హౌసింగ్‌ను చీల్చుకుని డ్రైవర్ కాళ్ల దగ్గరికి వస్తాయి. రేసు నిబంధనల్లో ఫ్లైవీళ్లకు, క్లచ్‌లకు ఎస్ఎఫ్ఐ (అమెరికా రేసు భద్రతా ప్రమాణాల సంస్థ) 1.1 లాంటి ప్రమాణాలు పెట్టింది ఇందుకే. ఫోర్జింగ్ లేదా బిల్లెట్ స్టీల్‌తో చేసి, ప్రమాణ పత్రం ఉన్నది కొనండి.

కొత్త తరం డీజిల్ బండ్లలో, చాలా టర్బో పెట్రోల్ బండ్లలో వచ్చేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. రెండు చక్రాల మధ్య వంపు స్ప్రింగులు, గ్రీజు ఉంటాయి. ఇంజిన్ దెబ్బలను గేర్‌బాక్స్ దాకా పోనివ్వకపోవడం దాని పని. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు కొడుతుంది, డీజిల్ దెబ్బ మరీ గట్టిది. దాన్ని తీసి సింగిల్ మాస్ వేస్తే న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు మోగుతుంది, కింది ఆర్‌పీఎంలో లోడ్ పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. పెట్రోల్ బండిలో మంచి స్ప్రంగ్ హబ్ ప్లేట్‌తో ఈ మోత భరించవచ్చు. డీజిల్‌లో నేనైతే మళ్లీ డ్యూయల్ మాసే వేయిస్తాను, ఖర్చైనా సరే.

ఈ లెక్కన ఎవరికేది? ఆఫీసుకు, ఇంటికి తిరిగే బండికి, టార్క్ పెంచకపోతే, కంపెనీ క్లచ్, కంపెనీ ఫ్లైవీల్. ఇందులో తక్కువతనం ఏమీ లేదు. రీమ్యాప్ చేసిన రోజువారీ బండికి గట్టి ప్రెజర్ ప్లేట్, స్ప్రంగ్ హబ్ ఆర్గానిక్ ప్లేట్, పాత ఫ్లైవీలే. వారాంతాల్లో ఉషారుగా నడిపే తేలికపాటి పెట్రోల్ బండికి అదే క్లచ్‌తో ఒక మోస్తరు తేలిక స్టీల్ ఫ్లైవీల్ వేసుకోవచ్చు. అన్నిటిలోకీ సరదాగా ఉండే జత ఇదే. ట్రాక్‌కే అంకితమైన బండికి ఆరు ముక్కల స్ప్రంగ్ ప్లేట్, బాగా తేలిక ఫ్లైవీల్. టార్క్ రెట్టింపు చేసి, అదే బండిని రోజూ వాడాలంటే ట్విన్ ప్లేట్‌కు డబ్బు కూడబెట్టుకోండి. సెరామిక్ ముక్కల ప్లేట్‌ను తేలిక ఫ్లైవీల్‌తో కలిపి ట్రాఫిక్ బండిలో వేయడమే అన్నిటికంటే చెడ్డ జత. ఒకటి ఓపిక లేనిది, ఇంకోటి ఊతం ఇవ్వనిది.

బిగించేముందు ఫ్లైవీల్‌ను పాతదాని పక్కన పెట్టి పోల్చండి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్లు ఫ్లైవీల్ మీదే ఉంటాయి, ఒక్క పన్ను తేడా వచ్చినా బండి స్టార్ట్ కాకపోవచ్చు. కొన్ని వీ8 ఇంజిన్లకు బ్యాలెన్స్ బరువు ఫ్లైవీల్‌లోనే ఉంటుంది. ఫోర్డ్ 302 విషయంలో 1981కి ముందువాటికి 28 ఔన్స్-అంగుళాలు, తర్వాతవాటికి 50. తారుమారైతే ఇంజిన్ వణికి పోతుంది. గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్, ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వేయించండి. వీటిలో ఒక్కటి మిగిల్చినా తర్వాత దానికోసం పనంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. కొత్త ఫ్లైవీల్‌కు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. ప్లేట్ ఏ ముఖం ఫ్లైవీల్ వైపు ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. తిరగేసి బిగించి, క్లచ్ విడవడం లేదని తల పట్టుకున్నవాళ్లను చూశాను.

తేలిక ఫ్లైవీల్ వేశాక ఇంజిన్ బాగానే ఉన్నా మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం) లైట్ వెలగవచ్చు. క్రాంక్ వేగంలో వచ్చే చిన్న ఒడుదొడుకులను చూసే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మిస్‌ఫైర్ లెక్కగడుతుంది. ఫ్లైవీల్ తేలికైతే ఆ ఒడుదొడుకులు సహజంగానే పెరుగుతాయి. ట్యూనర్ దగ్గర ఐడిల్ ఓ 50 నుంచి 100 ఆర్‌పీఎం పెంచితే చాలాసార్లు సర్దుకుంటుంది.

మొదటి 800 కిలోమీటర్లు ఊళ్లోనే, ఆగుతూ కదులుతూ నడపండి. హైవే మీద ఒకే గేర్‌లో వేసిన కిలోమీటర్లు ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే అక్కడ క్లచ్ రాసుకోదు. గట్టి లాంచ్‌లు వద్దు, పూర్తి బూస్ట్ వద్దు. పాత ఫ్లైవీల్‌ను పాత ఇనుముకి వేసేయకుండా నూనె రాసి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. బండి అమ్మేరోజున కొనేవాడు టెస్ట్ డ్రైవ్‌లో మూడుసార్లు ఇంజిన్ ఆపేసి, దీని అసలు ఫ్లైవీల్ ఉందా అని అడుగుతాడు.